గాలిని పట్టే నేత

మా వీధిలో మగ్గాల చప్పుడుకు ఎవరికీ నిద్ర చెడదు. చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుంది. కరెంటు పోయిందేమోనని బాపు లేచి కూర్చుంటాడు. నలభై ఏళ్లు మరమగ్గాల మధ్య బతికిన మనిషి ఆయన. అక్కా నేనూ సెప్టెంబరులో ఐస్‌లాండ్ వెళ్తున్నామని చెప్పినరోజు ఎక్కువేమీ అడగలేదు. బీరువా తెరిచి రెండు సోలాపూర్ చద్దర్లు తీశాడు. వాటిమీద ఒక బొచ్చు టవలు పెట్టాడు. మూడింటినీ తెచ్చి మా పెట్టెలో సర్దాడు.

"గింత మందం చద్దరు ఉండంగ చలేం జేస్తది బిడ్డా?" అన్నాడు.

చిన్న మాటే. కానీ దానికి సరైన జవాబు చెప్పాలంటే సూర్యుడి వాలు నుంచి గొర్రె ఒంటిమీది వెంట్రుక దాకా తెలియాలి. ప్రయాణానికి సిద్ధమైన ఈ మూడు నెలల్లో నాకు అర్థమైంది ఒకటుంది. ఆ జవాబులో సగం బాపు చేతుల్లో ఎప్పటి నుంచో ఉంది.

సోలాపూర్ తూర్పు పేటల్లో, అంటే సాకర్ పేట, భద్రావతి పేట, దత్తనగర్ చుట్టుపక్కల, మాది తెలుగు లోకం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి పద్మశాలీలు 19వ శతాబ్దం నుంచి బతుకుతెరువుకు ఇటు వచ్చారు. వీధిలో మరాఠీ మాట్లాడినా ఇంట్లో తెలుగే. శ్రావణ పున్నమికి మార్కండేయుడి రథం కదిలితే ఊరు ఊరంతా మాదే అనిపిస్తుంది. ఇక్కడ నేసే జకార్డ్ చద్దరు, టెర్రీ టవలు రెండూ భౌగోళిక గుర్తింపు పొందిన సరుకులు. వాటి గొప్పతనం మీద బాపుకు ఎంత నమ్మకముందో నాకూ అంతే ఉంది. అయినా ఆ చద్దర్లు ఐస్‌లాండ్ వానలో ఎందుకు పనికిరావో ఆయనకు చెప్పక తప్పలేదు.

సెప్టెంబరే ఎందుకు

ముందు సూర్యుడి లెక్క చూద్దాం. సోలాపూర్ భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 17.7 డిగ్రీల దగ్గరుంది. ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ 64 డిగ్రీలు దాటిన చోట ఉంది. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు సెప్టెంబరు 22, 23 తేదీల్లో వస్తుంది. ఆ రోజు మిట్టమధ్యాహ్నం మన ఊళ్లో సూర్యుడు దిక్చక్రం నుంచి 72 డిగ్రీల ఎత్తున ఉంటాడు. రేక్యావిక్‌లో 26 డిగ్రీలే. ఎండ అంత ఏటవాలుగా పడితే అదే వెలుగు ఎక్కువ నేలమీద పరుచుకుంటుంది. అందుకే ఒక చదరపు మీటరు నేలకు అందే ఎండ మనకు అందేదానిలో సగం కూడా ఉండదు. అక్కడ మధ్యాహ్నం పన్నెండింటికి కూడా మన సాయంత్రంలా నీడలు పొడుగ్గా ఉంటాయి.

పగలు తగ్గే వేగంలోనూ తేడా ఉంది. విషువత్తు రోజుల్లో సోలాపూర్‌లో పగలు రోజుకు ఒక నిమిషం చొప్పున తగ్గుతుంది. మనం గమనించం కూడా. రేక్యావిక్‌లో రోజుకు ఆరున్నర నిమిషాలు తగ్గుతుంది. పది రోజులు ఉండి వస్తే వెళ్లినరోజుకూ తిరిగొచ్చే రోజుకూ మధ్య ఒక గంటకు పైగా వెలుగు కరిగిపోతుంది. ఈ రోజు సాయంత్రం ఏడున్నరకు చూసిన జలపాతాన్ని వచ్చే వారం అదే వేళకు చూడాలనుకుంటే సందె మసకే ఎదురవుతుంది. అందుకే అక్కా నేనూ రోజువారీ పట్టికలో ప్రతి తేదీ పక్కన సూర్యాస్తమయ వేళ రాసుకున్నాం. గడియారాన్ని ఐదున్నర గంటలు వెనక్కి తిప్పుకోవాలన్నది మరో లెక్క.

చీకటి పెరగడంలో ఒక వరం ఉంది. ఉత్తర కాంతులు కనిపించాలంటే రాత్రి నల్లగా ఉండాలి. ఐస్‌లాండ్ వేసవిలో ఆకాశం పూర్తిగా చీకటి పడదు. ఆగస్టు చివరికి రాత్రులు మళ్లీ నల్లబడతాయి. సూర్యుడి నుంచి నిరంతరం వీచే విద్యుదావేశ కణాలు భూమి అయస్కాంత క్షేత్రాన్ని తాకి, దాన్ని కదిలించి, ధ్రువాల చుట్టూ ఉన్న వలయంలో పై గాలిలోకి దూసుకొస్తాయి. నూరు కిలోమీటర్లకు పైన ఆక్సిజన్ పరమాణువులు ఆ దెబ్బకు ఆకుపచ్చగా వెలుగుతాయి. రెండు వందల కిలోమీటర్లు దాటాక అదే ఆక్సిజన్ ఎర్రగా వెలుగుతుంది. ఐస్‌లాండ్ సరిగ్గా ఆ వలయం కిందే ఉంది.

2024 మే నెలలో పెద్ద సౌర తుపాను వచ్చినప్పుడు మన లదాఖ్‌లోని హాన్లేలోనూ ఆకాశం ఎర్రబడింది. అక్కడ ఆకుపచ్చ కాకుండా ఎరుపే ఎందుకు కనిపించిందంటే, ఆకుపచ్చ పొర తక్కువ ఎత్తులో ఉండి, భూమి వంపు వెనక దాగిపోయింది. ఎత్తున ఉన్న ఎరుపు ఒక్కటే మన దాకా తొంగిచూసింది. విషువత్తు రోజుల్లో భూమి అయస్కాంత క్షేత్రం సూర్యుడి నుంచి వీచే ఆ కణాల గాలితో ముడిపడటానికి అనువైన కోణంలో ఉంటుందని రసెల్, మెక్‌ఫెరాన్ అనే శాస్త్రవేత్తలు 1973లో వివరించారు. సెప్టెంబరు, మార్చి నెలల్లో ఈ కాంతులు తరచుగా కనిపించడానికి అదొక కారణం. అంటే సెప్టెంబరు ప్రయాణికుడికి పగలు తిరగడానికి చాలినంత వెలుగు, రాత్రి చూడటానికి చాలినంత చీకటి రెండూ దొరుకుతాయి. మబ్బు పట్టకూడదన్నది ఒక్కటే మొక్కు.

ఎనిమిది డిగ్రీల చలి

పేరులో మంచు ఉంది కదా అని గడ్డకట్టే చలి ఊహించుకుంటాం. రేక్యావిక్‌లో సెప్టెంబరు సగటు ఉష్ణోగ్రత దాదాపు 8 డిగ్రీలు. అంత ఉత్తరాన ఉన్న ఊరికి ఇది చాలా మెత్తని చలి. వెచ్చని గల్ఫ్ స్ట్రీమ్ నీటి ఒక పాయ ఇర్మింగర్ ప్రవాహంగా ద్వీపం దక్షిణ, పడమటి తీరాలను తడుముతూ పోవడమే దీనికి కారణం.

కానీ థర్మామీటరు చెప్పని విషయాలు రెండున్నాయి. ఒకటి గాలి, రెండోది తడి. ఉత్తర అట్లాంటిక్ మీద అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి నడిచే దారిలోనే ఈ ద్వీపం ఉంది. శరత్తు మొదలయ్యేసరికి వాటి బలం పెరుగుతుంది. అక్కడి వాన పైనుంచి పడటం కన్నా పక్కనుంచి కొట్టడమే ఎక్కువ. గొడుగు నిలవదు. 5 డిగ్రీల చలిలో గాలి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వీస్తే, తెరిచి ఉన్న చర్మానికి అది సున్నాకు దిగువన, మైనస్ 1 డిగ్రీలా తగులుతుంది.

గాలి ఏం చేస్తుందో తెలిస్తే పెట్టెలో ఏం పెట్టాలో తెలుస్తుంది. మన ఒళ్లు ఊరికే కూర్చున్నా దాదాపు 100 వాట్ల వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. చర్మాన్ని ఆనుకుని ఉన్న పలచని గాలి పొర ఆ వేడికి వెచ్చబడి మనల్ని కప్పుకుని ఉంటుంది. గాలి వీస్తే ఆ పొర ఎగిరిపోతుంది. ఒళ్లు మళ్లీ కొత్త పొరను వెచ్చబెట్టాలి. క్షణక్షణం అదే పని.

వెచ్చదనం ఎక్కడుంది?

ఇక్కడి నుంచి బాపుకు చెప్పడం సులువైంది. ఎందుకంటే ఇది మగ్గం మాట.

ఏ బట్టా తనంతట తాను వెచ్చన కాదు. దానికి సొంత పొయ్యి లేదు. కదలకుండా నిలిచిన గాలి వేడిని చాలా నెమ్మదిగా దాటనిస్తుంది. నీళ్లు అదే వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా దాటనిస్తాయి. కాబట్టి వెచ్చని బట్ట అంటే గాలిని ఎక్కువగా పట్టి, కదలకుండా ఉంచే బట్ట. పోగులు ఆ గాలికి కట్టిన గోడలు.

బొచ్చు టవలు నేసేవాళ్లకు గాలి గది కట్టడం వచ్చు. ఆ మగ్గంమీద పడుగులు రెండు. ఒకటి బిగువుగా సాగిన నేల పడుగు. రెండోది వదులుగా వదిలిన బొచ్చు పడుగు. మొదటి రెండు పేకలను పన్నె (పేకను కొట్టే దువ్వెన) బట్ట అంచుదాకా కొట్టదు, కాస్త ఎడంగా ఆపుతుంది. మూడో పేక పడ్డాక మూడింటినీ కలిపి ఒక్క దెబ్బతో అంచుకు నెడుతుంది. బిగువు పడుగు కదలదు. వదులు పడుగుకు వెళ్లే చోటు లేక పైకి లేచి లూపుగా నిలబడుతుంది. ప్రతి లూపులో, లూపుకూ లూపుకూ మధ్య, గాలి నిలుస్తుంది. దూది ఏకి నింపిన పరుపూ, దూది కూరిన రజాయీ చేసేది కూడా ఇదే పని.

"అంటే మేం నేసింది బట్ట కాదు, గాలి గదులా?" అని అడిగాడు బాపు.

పొడిగా ఉన్నంత సేపు అవునన్నాను.

నూలు తడిస్తే

నూలు పోగు సెల్యులోజ్. నీళ్లంటే దానికి ప్రాణం. పోగు గోడలు నీటిని పీల్చి ఉబ్బుతాయి. పోగుల సందుల్లోకి నీళ్లు పాకుతాయి. నిలబడిన బొచ్చు కూలి ఒంటికి అంటుకుంటుంది. గాలి ఉన్న చోటికి నీళ్లు వస్తాయి. గోడలు కూలిన ఇంట్లో వరద నిలిచినట్టే.

నష్టం అంతటితో ఆగదు. ఆ నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 2400 జూళ్లకు పైగా వేడి కావాలి. తడిసిన నూలు చొక్కాలో 300 గ్రాముల నీరు ఉందనుకుందాం. అదంతా ఆరడానికి పట్టే వేడి మన ఒళ్లు ఊరికే కూర్చుని రెండు గంటల్లో పుట్టించే వేడికి సమానం. అందులో చాలా భాగం ఒంటి నుంచే పోతుంది. మే నెలలో కార్ఖానా నుంచి వస్తూ బాపు తడి టవలు నెత్తిన కప్పుకుంటాడు. సోలాపూర్ ఎండలో ఆయన ప్రాణం కాపాడేది ఈ ఆవిరే. ఐస్‌లాండ్ గాలిలో ప్రాణం తీయగలిగేదీ ఇదే. కొండదారుల్లో నడిచేవాళ్లు లోపల నూలు బట్ట వేసుకోవద్దని చెప్పేది అందుకే. వాన పడకపోయినా ఎక్కేటప్పుడు పట్టిన చెమట చాలు.

ఉన్ని వేరే రకం మనిషి. అది కెరటిన్ అనే ప్రొటీను, మన వెంట్రుకల్లాగే. పోగు పైన చేప పొలుసుల్లాంటి పెంకులు, వాటిమీద పలచని కొవ్వు పొర ఉంటాయి. నీటి బొట్టు జారిపోతుంది. కానీ ఆవిరి లోపలికి వెళ్లగలదు. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను దాచుకుని కూడా తడిగా తగలదు. ఆ తేమను పీల్చేటప్పుడు కొద్దిపాటి వేడిని వదులుతుంది కూడా. పైగా పోగు పుట్టుకతోనే వంకీలు తిరిగి ఉంటుంది. నలిపి వదిలితే మళ్లీ లేస్తుంది. తేమ తగిలినా నూలులాగా చతికిలబడదు, గాలి గదులు చాలావరకు నిలుస్తాయి. పాలియెస్టర్ మరో దారి పట్టింది. తేమను తనలోకి దాదాపు రానివ్వదు కాబట్టి త్వరగా ఆరుతుంది.

రెండు పొరల గొర్రె, మగ్గం కట్టిన రాజధాని

ఐస్‌లాండ్ గురించి చదువుతూ పోయేకొద్దీ అది నేతవాళ్ల దేశమని తెలిసి నాకు ఒళ్లు పులకరించింది.

వెయ్యేళ్లకు పైగా బయటి జాతులతో పెద్దగా కలవకుండా పెరిగిన ఐస్‌లాండ్ గొర్రెకు రెండు రకాల ఉన్ని ఉంటుంది. పైన తోగ్ అనే పొడవాటి, గరుకైన, వానను జార్చే వెంట్రుక. అడుగున థెల్ అనే సన్నని, మెత్తని, గాలిని పట్టే ఉన్ని. రెండింటినీ విడదీయకుండా, పెద్దగా పురి పెట్టకుండా తీసే దారం లోపి. పురి తక్కువ కాబట్టి దారంలోనే గాలి ఉంటుంది. దానితో అల్లి, మెడ చుట్టూ గుండ్రంగా నమూనాలు వేసిన స్వెటరు లోపపేసా. అది ఇప్పుడు ఆ దేశపు గుర్తు. వేసవంతా కొండల్లో విచ్చలవిడిగా మేసిన గొర్రెలను సెప్టెంబరులోనే ఊళ్లకు తోలుకొస్తారు. ర్యెట్టిర్ అనే గుండ్రటి దొడ్ల దగ్గర ఊరంతా చేరి, చెవి గుర్తులు చూసి, ఎవరి మంద వారిది వేరుచేసుకుంటారు. మా ప్రయాణం తేదీలు ఆ పండగ రోజులకు కుదిరేలా చూసుకున్నాం.

అంతకన్నా లోతైన కథ ఒకటుంది. మధ్యయుగాల్లో ఐస్‌లాండ్‌లో వాద్‌మాల్ అనే ఉన్ని బట్ట డబ్బుగా చెల్లింది. అప్పు తీర్చాలన్నా, పన్ను కట్టాలన్నా, ఓడవాడి దగ్గర ధాన్యం కొనాలన్నా బట్ట మూరల్లో కొలిచి ఇచ్చేవారు. రెండు పోగుల మీదుగా, రెండు పోగుల కిందుగా పేక నడిచే ట్విల్ నేత అది. నేసింది ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్ల మగ్గం గోడకు ఆనించి నిలబెట్టిన చట్రం. పడుగు పైకర్ర నుంచి వేలాడేది, బిగువు కోసం కింద రాళ్లు కట్టేవారు. మనలా గుంటలో కూర్చుని ఒంటివైపుకు లాక్కుంటూ నేయడం ఉండదు. నిలబడి, అటూ ఇటూ నడుస్తూ, పేకను కింది నుంచి పైకి కొట్టేవారు. ఇది చదివి వినిపిస్తే, రాళ్ల బరువు అన్నిటికీ సమంగా లేకపోతే అంచు వంకర పోతుందే, ఎట్ల సరిచేసేటోళ్లు అని బాపు చాలాసేపు ఆలోచిస్తూ కూర్చున్నాడు.

18వ శతాబ్దంలో స్కూలి మాగ్నుసన్ అనే అధికారి, దేశం పేదరికం పోవాలంటే ముడి ఉన్ని అమ్ముకోవడం మాని ఇక్కడే నేయాలని పట్టుబట్టాడు. 1751లో అందుకోసం ఒక సంస్థ ఏర్పడింది. కొన్ని పొలాలున్న రేక్యావిక్‌లో వడకడం, నేయడం, అద్దకం చేసే కార్ఖానాలు లేచాయి. పనివాళ్లు వచ్చి చేరారు, వీధి ఏర్పడింది. 1786లో అది పట్టణంగా గుర్తింపు పొందింది. ఆ కార్ఖానాల కాలంలో 1762లో కట్టిన ఒక ఇల్లు ఆదల్‌స్ట్రైటి వీధిలో ఈ రోజుకూ ఉంది. మిల్లులు, మగ్గాలు పిలిస్తే తెలంగాణ పల్లెలు కదిలి వచ్చి సోలాపూర్ పేటలు నిండినట్టే, ఆ రాజధాని కూడా మగ్గం చుట్టూనే ఊరైంది. మేం అక్కడ మొదట చూడబోయేది ఆ ఇల్లే.

పెట్టెలో మూడు పొరలు

తెలుసుకున్నదంతా ఇప్పుడు మా పెట్టెలో మూడు పొరలైంది.

ఒంటిని ఆనుకునేది సన్నని ఉన్ని లేదా పాలియెస్టర్ బనీను. దాని పని చెమటను ఒంటిమీద నిలవనివ్వకపోవడం. దానిమీద స్వెటరు లేదా ఫ్లీసు. దాని పని గాలిని పట్టడం. అన్నిటికన్నా పైన చొక్కా, ప్యాంటు రెండూ ఉన్న రెయిన్‌కోటు. దాని పని బయటి గాలినీ వాననూ ఆపడం. దట్టంగా నేసిన బట్టకు లోపల అతి సన్నని రంధ్రాల పొర అంటిస్తారు. నీటి బొట్టు దూరలేనంత చిన్నవి, నీటి ఆవిరి దాటగలిగినంత పెద్దవి ఆ రంధ్రాలు. బయటి వాన లోపలికి రాదు, లోపలి చెమట ఆవిరి బయటికి పోతుంది. ఈ పై పొర లేకపోతే ఎంత మంచి స్వెటరు లోపలి గాలినైనా ఈదురుగాలి ఊడ్చుకుపోతుంది. నీళ్లు చొరని బూట్లు, ఉన్ని మేజోళ్లు, టోపీ, చేతి తొడుగులు వీటికి తోడు. ఎక్కేటప్పుడు ఒక పొర తీయాలి, ఆగగానే వేసుకోవాలి. చెమట పట్టకముందే తీయడం, చలి వేయకముందే వేయడం ఇందులో ఉన్న మెళకువ.

కాగితాల పని మేలోనే మొదలుపెట్టాం. ఐస్‌లాండ్ ఐరోపా సమాఖ్యలో లేకపోయినా షెంజెన్ దేశాల్లో ఒకటి. వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, ఆఖరు గడువు 15 రోజుల ముందు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ద్వీపాన్ని చుట్టే ఒకటో నంబరు రోడ్డు 1,300 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. పది రోజులైనా లేనిదే నిదానంగా తిరగలేం. నడిమి ఎత్తైన ప్రాంతాల దారులు సెప్టెంబరులో మంచు పడితే మూసుకుపోతాయి కాబట్టి వాటిని పట్టికలో పెట్టుకోలేదు. రోజూ పొద్దున వాతావరణ కేంద్రం హెచ్చరికలు, రోడ్ల పరిస్థితి చూశాకే బయలుదేరాలి. అత్యవసర నంబరు 112. రేక్యానెస్ ద్వీపకల్పంలో 2021 నుంచి అగ్నిపర్వతాలు మళ్లీ లేచాయి. 2023 నవంబరులో గ్రిందావిక్ ఊరినే ఖాళీ చేయించారు. అటు వెళ్లేముందు ఆ రోజు పరిస్థితి కనుక్కోవాలి. నల్ల ఇసుక తీరాల్లో అలలు చెప్పకుండా ముందుకు దూకుతాయి. సముద్రానికి వీపు పెట్టి నిలబడకూడదు.

నేల కింది పొయ్యి, బాపు టవలు

ఆ అగ్నిపర్వతాలే ఆ దేశానికి పొయ్యి కూడా. ఉత్తర అమెరికా, యురేషియా పలకలు ఏటా రెండు సెంటీమీటర్ల చొప్పున దూరం జరిగే గీత సముద్రం అడుగున పోతూ పోతూ ఇక్కడ నేలమీదికి వస్తుంది. పలకలు విడిపోయే చోట భూమి లోపలి వేడి పైకి దగ్గరవుతుంది. నేలలోకి ఇంకిన నీరు మరిగి వేడినీటి ఊటలవుతుంది. పది ఇళ్లలో దాదాపు తొమ్మిది ఆ వేడితోనే వెచ్చగా ఉంటాయి. రేక్యావిక్‌లో వేడినీటి కుళాయి తిప్పితే గంధకం వాసన రావడం అందుకే. దాదాపు ప్రతి ఊరికీ వేడినీటి కొలను ఉంటుంది. పని దిగాక మన దగ్గర చాయ్ హోటల్ ముందు కూర్చున్నట్టు, అక్కడివాళ్లు సాయంత్రం ఆ నీళ్లలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు.

ఈ సంగతి దగ్గరకొచ్చేసరికి నాకు బాపు పెట్టిన మూడో వస్తువు గుర్తొచ్చింది. వేడినీళ్లలోంచి ఎనిమిది డిగ్రీల గాలిలోకి లేచిన మనిషికి ఒంటిమీది నీరంతా క్షణాల్లో తీసేయగల బట్ట కావాలి. ఉన్ని నీటి బొట్టును జారుస్తుంది. పాలియెస్టర్ తనలోకి రానివ్వదు. నీళ్లను ఆకలిగా పీల్చే సెల్యులోజ్, ఆ పీల్పును ఎన్నో రెట్లు పెంచే లూపులు, ఈ రెండూ కలిసిన బట్ట కావాలి. కొండమీద నూలుకు ఏ గుణం శాపమైందో, కొలను గట్టున ఆ గుణమే వరం.

చద్దర్లు రెండూ తీసి బీరువాలో పెట్టాను. బాపు చూస్తూ ఊరుకున్నాడు. టవలు మాత్రం స్వెటరు మీద మడిచి పెట్టాను. ఎందుకో చెప్పాను. ఆయన దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుని, అరచేతిని బొచ్చుకు ఎదురుగా ఒకసారి, వాలుగా ఒకసారి తడిమాడు.

"కొత్త టవలు నీళ్లు మంచిగ గుంజదు బిడ్డా. గంజి వోవాలె. రెండుసార్లు ఉతికి పెడతా," అన్నాడు.

నిజమే. మగ్గంమీద పోగు తెగకుండా పట్టించిన గంజి పోతేనే లూపు విచ్చుకుంటుంది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ నాకు ఆ మాట తగల్లేదు. ఆ సాయంత్రం మా డాబామీద, మగ్గాల చప్పుడులో, రేక్యావిక్ కొలను కోసం ఉతికిన సోలాపూర్ టవలు ఆరింది.